బయట పనిచేసిన ఏళ్ళను ఖాళీ ఏళ్ళుగా లెక్కపెట్టకండి: అర్థశాస్త్ర విభాగాల పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అర్థశాస్త్ర విభాగాధిపతులకు, డీన్లకు, నియామకాల, ప్రమోషన్ల కమిటీల సభ్యులకు,

నమస్కారం.

అర్థశాస్త్రంలో పరిశోధన చేసి, కొన్నేళ్ళు పాఠాలు చెప్పి, ఆ తర్వాత ప్రభుత్వ ఆర్థిక శాఖలోనూ ఒక పెద్ద కంపెనీలోనూ పనిచేసి, మళ్ళీ విశ్వవిద్యాలయానికి వచ్చినదాన్ని నేను. మూడు చోట్లా నాకు జీతం వచ్చింది ఒకే విద్యకు. కానీ తిరిగొచ్చి ప్రమోషన్‌కు దరఖాస్తు పెట్టినప్పుడు నా సీవీలో మధ్య భాగం దగ్గర కమిటీ ఆగిపోయింది. "ఈ ఏళ్ళలో ఏం చేశారు?" అని అడిగారు. చెప్పాను. "అది సరేనండీ, పేపర్లేవి?" అన్నారు. ఆ విశ్వవిద్యాలయం పేరు ఇక్కడ అనవసరం. ఇదే ప్రశ్న వేర్వేరు చోట్ల ఎదుర్కొన్న ఆడవాళ్ళు నాకు చాలామంది తెలుసు. అందుకే ఏ ఒక్కరికో కాకుండా మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

నేను కోరేది ఒక్కటే. ప్రభుత్వంలో, వ్యాపారంలో పనిచేసిన ఏళ్ళను ఖాళీ ఏళ్ళుగా లెక్కపెట్టడం ఆపండి. ఆ పనిని చదివి, తూచి, విలువ కట్టే పద్ధతి ఒకటి పెట్టుకోండి. అది లేకపోవడం వల్ల మగవాళ్ళకూ నష్టమే. ఆడవాళ్ళకు ఇంకా ఎక్కువ నష్టం. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ పని ఎలా ఉంటుందో చెప్పాలి, మీలో చాలామంది దాన్ని దగ్గర్నుంచి చూసి ఉండరు కాబట్టి.

ఆర్థిక శాఖలో సాయంత్రం పొద్దుపోయాక పైనుంచి ఒక ప్రశ్న వస్తుంది. ఇంధనం మీద పన్ను తగ్గిస్తే ధరలు ఎంత దిగుతాయి, ఖజానాకు ఎంత గండి పడుతుంది, లాభం ఎవరికి చేరుతుంది? పొద్దున సమావేశానికల్లా జవాబు కావాలి. పన్ను తగ్గితే పంపు దగ్గర రేటు ఎంత శాతం తగ్గుతుందో చూసి, దాన్ని ధరల సూచీలో ఇంధనం వాటాతో గుణిస్తే నేరుగా పడే ప్రభావం వచ్చేస్తుంది. అది తేలిక. చిక్కంతా ఆ తర్వాతే. తగ్గించిన పన్నులో ఎంత కొనేవాడి దాకా వస్తుంది, ఎంత మధ్యలో అమ్మకందారు దగ్గరే ఆగిపోతుంది? రవాణా ఖర్చు తగ్గి మిగతా సరుకుల రేట్లు దిగడానికి ఎన్ని వారాలు పడుతుంది? అసలు దిగుతాయా? ఇంటి ఖర్చుల సర్వే తెరిస్తే, ఇంధనం మీద మొత్తం ఖర్చులో పెద్ద భాగం సొంత బండ్లున్న పై తరగతి కుటుంబాలదే అని కనబడుతుంది. అంటే తగ్గింపులో ఎక్కువ సొమ్ము వాళ్ళకే పోతుంది. ఆ మాట రాయాలా వద్దా అని పక్క టేబుల్ ఆఫీసర్‌కు టెన్షన్. రాయాల్సిందే. ఇంతలో పన్నుల విభాగం నుంచి ఫోన్: "పోయిన నెల వసూళ్ళ అంకెలు సవరించాం, పాతవి వాడకండి." మళ్ళీ మొదటి నుంచి లెక్క.

ఇంత పనీ చివరికి రెండు పేజీల నోట్‌గా మిగులుతుంది. అందులో ఒకే అంకె ఇచ్చి తప్పించుకోవడానికి లేదు, ఇంత నుంచి ఇంత అని చెప్పాలి. మనం అనుకున్నవాటిలో ఏది తప్పితే లెక్క ఎటు జారుతుందో ఒక్క పేరాలో రాయాలి. గణితంతో పరిచయం లేని మంత్రి పది నిమిషాల్లో చదివి, సరైన ప్రశ్న అడగగలిగేలా ఉండాలి. జర్నల్‌కు పేపర్ పంపినప్పుడు దాన్ని పరీక్షించే రిఫరీలకు నెలల సమయం ఉంటుంది, నాకూ ఉంటుంది. ఇక్కడ పొరపాటు జరిగితే దాని ఖర్చు జనం కడతారు. నా చదువును నేను ఇంతకన్నా కఠినంగా వాడిన సందర్భం లేదు.

ఆ నోట్ మీద నా పేరుండదు. శాఖ పేరుంటుంది, ఫైల్ నంబరుంటుంది. ఉండాల్సింది కూడా అంతే, సలహా ఇచ్చేవాళ్ళు పేరు కోసం రాయడం మొదలుపెడితే సలహా చెడిపోతుంది. కంపెనీలో సంగతీ అదే. ఒక సరుకు రేటును కొన్ని ప్రాంతాల్లో పెంచి, కొన్నింటిలో అలాగే ఉంచి, కొనేవాళ్ళు ఎంతమంది జారిపోతారో కొలిచాం. ఆ డేటా విశ్వవిద్యాలయంలో ఉన్న ఏ పరిశోధకుడికీ దొరికేది కాదు. ఫలితాలు బయటపెట్టనని చేరిన రోజే సంతకం పెట్టాను. వదిలి వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్‌తో పాటు అవీ అక్కడే ఉండిపోయాయి.

కాబట్టి నేను మీ ముందుకు వచ్చినప్పుడు చేతిలో చూపించడానికి కాగితం లేదు. ఇది నా ఒక్కదాని ఇబ్బంది అయితే ఈ లేఖ రాసేదాన్ని కాదు. పేరు స్పష్టంగా లేని పనిలో ఘనత ఎవరి ఖాతాలోకి వెళ్తుందో మన శాస్త్రమే కొలిచి చూపింది. హీథర్ సార్సన్స్ అర్థశాస్త్రవేత్తల టెన్యూర్ నిర్ణయాలను, అంటే ఎవరి ఉద్యోగాన్ని శాశ్వతం చేయాలన్న నిర్ణయాలను, పరిశీలించారు. ఒంటరిగా రాసిన పేపర్లకు ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ దాదాపు సమానంగానే విలువ దక్కింది. ఇతరులతో కలిసి రాసిన పేపర్ల దగ్గరకు వచ్చేసరికి, ముఖ్యంగా మగ సహ రచయితలున్నచోట, ఆడవాళ్ళకు దక్కిన ఘనత బాగా తగ్గిపోయింది. ఎవరి వాటా ఎంతో తెలియనప్పుడు చదివేవాళ్ళు తమ అంచనాతో ఆ ఖాళీ నింపుకుంటున్నారు, ఆ అంచనా ఆడవాళ్ళకు వ్యతిరేకంగా ఉంటోంది. రచయితల పేర్లు అచ్చయిన పేపర్ల గతే ఇదైతే, పేరే లేని నోట్ గతి ఏమిటో ఊహించండి.

అన్నా ష్వార్ట్జ్ సంగతి మీకు తెలిసిందే. 1941లో అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ ఎకనామిక్ రీసెర్చ్‌లో చేరి దశాబ్దాల పాటు పనిచేశారు. మిల్టన్ ఫ్రీడ్‌మన్‌తో కలిసి ఆమె రాసిన అమెరికా ద్రవ్య చరిత్ర 1963లో వచ్చింది. 1930ల మహా మాంద్యాన్ని మనం ఈనాడు అర్థం చేసుకునే తీరునే మార్చిన పుస్తకం అది. కొలంబియా విశ్వవిద్యాలయం ఆమెకు పీహెచ్‌డీ ఇచ్చింది 1964లో, అంటే పుస్తకం అచ్చయ్యాక. బ్రిటన్ అర్థశాస్త్రవేత్త జోన్ రాబిన్సన్ 1933లోనే అసంపూర్ణ పోటీ (కొద్దిమంది అమ్మకందారులకు రేటు మీద పట్టు ఉండే మార్కెట్లు) మీద తన పుస్తకం ప్రచురించారు. కేంబ్రిడ్జ్‌లో ఆమె ప్రొఫెసర్ అయ్యింది 1965లో.

ఇవి పాత రోజుల కథలంటారేమో. ఇవాళ్టి లెక్కలూ ఉన్నాయి. అమెరికాలో అర్థశాస్త్రంలో పీహెచ్‌డీ పొందేవారిలో ఆడవాళ్ళు దాదాపు మూడో వంతు ఉంటే, పీహెచ్‌డీ ఇచ్చే విభాగాల ఫుల్ ప్రొఫెసర్లలో ఐదో వంతు కూడా లేరు. ఎరిన్ హెంగెల్ పరిశోధనలో తేలిందేమిటంటే, ఎకనామెట్రికా జర్నల్‌లో ఆడవాళ్ళు రాసిన పేపర్లు సమీక్షలో సుమారు 6 నెలలు ఎక్కువ కాలం ఉండిపోయాయి. ఇక ప్రమోషన్‌కు పనికిరాని చాకిరీ, అంటే కమిటీల్లో కూర్చోవడం, నివేదికలు రాయడం, అడ్మిషన్ల పని లాంటివి, ఆడవాళ్ళ మీదే ఎక్కువ పడుతోందని లిండా బాబ్కాక్, లీస్ వెస్టర్‌లుండ్ బృందం 2017లో చూపింది. ఇవన్నీ దాటుకుంటూ వచ్చిన మనిషి ప్రభుత్వం పిలిస్తే వెళ్ళాలా వద్దా అని ఆలోచిస్తుంది. వెళ్తే తిరిగి రాగలనో లేదో తెలియదు. అందుకని చాలామంది వెళ్ళరు. వెళ్ళినవాళ్ళలో కొందరు ఇక రారు.

రాగలిగితే ఏం జరుగుతుందో చెప్పడానికి నాకు మెరీనా విట్మన్ జీవితం కన్నా మంచి ఉదాహరణ కనబడదు. గణిత శాస్త్రవేత్త జాన్ వాన్ న్యూమన్ కూతురు ఆమె. 1956లో రాడ్‌క్లిఫ్ కాలేజీలో డిగ్రీ పూర్తి చేసి, ఆ ఏడే పెళ్ళి చేసుకున్నారు. అంత చిన్న వయసులో పెళ్ళయితే వృత్తి జీవితం అక్కడితో ఆగిపోతుందని తండ్రి బెంగపెట్టుకున్నారు. భర్త ప్రిన్స్‌టన్‌లో ఇంగ్లిష్ పాఠాలు చెప్పేవారు. అదే విశ్వవిద్యాలయంలో పై చదువు చదువుదామంటే అప్పట్లో అక్కడ ఆడవాళ్ళను చేర్చుకునేవారు కాదు. ఆమె కొలంబియాకు వెళ్ళి 1962లో పీహెచ్‌డీ పూర్తి చేసి, పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. 1972లో అధ్యక్షుడు నిక్సన్ ఆమెను ఆర్థిక సలహాదారుల మండలిలో సభ్యురాలిగా నియమించారు. ఆ మండలిలో మొదటి మహిళ ఆమే. నిక్సన్ ప్రభుత్వాన్ని కుదిపేసిన వాటర్‌గేట్ కుంభకోణం ముదురుతున్న 1973లో ఆ పదవి వదిలి పిట్స్‌బర్గ్‌కు తిరిగొచ్చారు. 1979లో జనరల్ మోటార్స్ ఆమెను వైస్ ప్రెసిడెంట్‌గా, చీఫ్ ఎకనామిస్ట్‌గా తీసుకుంది. 1992 దాకా అక్కడే ఉండి, ఆ తర్వాత మిషిగన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌గా చేరారు.

ఆమె ప్రత్యేక విషయం అంతర్జాతీయ వాణిజ్యం. ఆ చదువున్న మనిషి, జపాన్ కార్లు అమెరికా మార్కెట్లోకి దూసుకొస్తున్న కాలంలో, అక్కడి అతిపెద్ద కార్ల కంపెనీ లోపల కూర్చున్నారు. 1981లో జపాన్ తన కార్ల ఎగుమతుల మీద తానే పరిమితి పెట్టుకుంది. దిగుమతులు తగ్గితే ఎవరికి లాభం, ఎవరికి నష్టం అని మనం తరగతిలో బోర్డు మీద గీతలు గీసి చెబుతాం. ఆ గీతల వెనక ఒక కంపెనీ బోర్డు రూమ్‌లో జరిగే వాదనలు, పోటీని ఒప్పుకోవడానికి పెద్ద సంస్థలకు ఉండే ఇబ్బంది, ప్రభుత్వాన్ని రక్షణ అడగాలా వద్దా అనే తర్జనభర్జన కళ్ళారా చూసిన మనిషి పాఠం చెబితే ఆ విద్యార్థుల అదృష్టం వేరు. మిషిగన్‌లో వాళ్ళకు అది దక్కింది. వ్యాపార పాలన, ప్రజా విధానం రెండూ కలిసిన ప్రొఫెసర్ పదవి అక్కడ ఉండబట్టి ఆమెకు చోటు దొరికింది. అలాంటి పదవి లేని విభాగానికి ఆమె దరఖాస్తు పెట్టి ఉంటే కంపెనీలో గడిపిన ఏళ్ళను చూసి మనం ఏమనేవాళ్ళమో నిజాయితీగా ఆలోచించండి.

జానెట్ యెలెన్ 1971 నుంచి 1976 దాకా హార్వర్డ్‌లో పాఠాలు చెప్పారు, టెన్యూర్ రాలేదు. అమెరికా కేంద్ర బ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వ్‌లో ఉద్యోగానికి వెళ్ళారు. ఆ తర్వాత 1980లో బర్క్‌లీలో చేరి పని, వేతనాలు, నిరుద్యోగం మీద పరిశోధన చేశారు. ఫెడరల్ రిజర్వ్ ఛైర్మన్ పదవి, ఆర్థిక సలహాదారుల మండలి అధ్యక్ష పదవి, ఆర్థిక మంత్రి పదవి మూడూ చేసిన మొదటి మనిషి అయ్యారు. బర్క్‌లీ తలుపు తెరిచి ఉండకపోతే ఈ దారి ఎటు పోయేదో చెప్పలేం.

సూసన్ ఏతీని మరో రకంగా చూడాలి. వేలంపాటల సిద్ధాంతంలో ఆమె పేరున్న పండితురాలు. నలభై ఏళ్ళలోపు అమెరికా ఆర్థికవేత్తలకు ఇచ్చే జాన్ బేట్స్ క్లార్క్ పతకాన్ని 2007లో అందుకున్న మొదటి మహిళ. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ప్రభుత్వ కలప వేలం పద్ధతిని తీర్చిదిద్దడంలో పాలుపంచుకున్నారు. మైక్రోసాఫ్ట్‌కు చీఫ్ ఎకనామిస్ట్‌గా సలహాలిచ్చారు. 2022లో అమెరికా న్యాయశాఖలో కంపెనీల గుత్తాధిపత్యాన్ని అడ్డుకునే యాంటీట్రస్ట్ విభాగంలో చీఫ్ ఎకనామిస్ట్ అయ్యారు. ఇంటర్నెట్ సెర్చ్ ఇంజిన్లలో ప్రకటనల స్థానాలు ఎలా వేలం వేస్తారన్న దాని మీద గ్లెన్ ఎలిసన్‌తో కలిసి ఆమె రాసిన పేపర్ 2011లో వచ్చింది. సిద్ధాంతం, కంపెనీ, పరిశోధన అని ఆమె పనిని మూడు ముక్కలుగా కోయడం నాకు చేతకాదు. మన సీవీ ఫారాలు మాత్రం కోయమనే అడుగుతాయి.

పేరున్నవాళ్ళకు మినహాయింపులు దొరుకుతాయని కూడా మీకు గుర్తు చేయాలి. గీతా గోపీనాథ్ 2019 జనవరిలో అంతర్జాతీయ ద్రవ్య నిధి చీఫ్ ఎకనామిస్ట్‌గా వెళ్ళినప్పుడు హార్వర్డ్ సెలవు ఇచ్చింది. ఆ తర్వాత ప్రత్యేకంగా ఒక ఏడాది పొడిగించింది. 2025లో ఆమె అక్కడికే ప్రొఫెసర్‌గా తిరిగొచ్చారు. చాలా సంతోషం. ఒక మామూలు విశ్వవిద్యాలయంలో, ఇంకా టెన్యూర్ రాని అసిస్టెంట్ ప్రొఫెసర్ రెండేళ్ళు ఆర్థిక శాఖకు వెళ్తానని అడిగితే, ఆమె కోసం ఎవరు ప్రత్యేకంగా సమావేశమవుతారు? సెలవు ఎవరికి, ఎంతకాలం, ఏ షరతుల మీద అన్నది ముందే రాసి ఉండాలి. అడిగిన మనిషి మొహం చూసి తేల్చే పద్ధతి ఉన్నంతకాలం అందులో నష్టపోయేది ఎవరో మనకు తెలుసు.

టెన్యూర్ గడియారాన్ని ఆపితే, అంటే టెన్యూర్ తేల్చే గడువును కొన్నాళ్ళు పొడిగిస్తే, చాలు కదా అని మీలో కొందరు అనవచ్చు. చాలదు. హెదర్ యాంటెకాల్, కెల్లీ బెదార్డ్, జెన్నా స్టెర్న్స్ 2018లో ప్రచురించిన పరిశోధన చదవండి. పిల్లలు పుట్టినప్పుడు ఆడా మగా అందరికీ ఒకేలా గడియారం ఆపే నియమం పెట్టిన విభాగాల్లో మగవాళ్ళ టెన్యూర్ అవకాశాలు పెరిగాయి, ఆడవాళ్ళవి తగ్గాయి. అలా కలిసొచ్చిన సమయాన్ని మగవాళ్ళు పేపర్ల మీద పెట్టగలిగారు. మంచి ఉద్దేశంతో పెట్టిన నియమమే ఎదురు తిరిగింది. బయటి ఉద్యోగాల విషయంలోనూ గడియారం ఆపి ఊరుకుంటే ఇదే జరుగుతుంది. సమయం ఇవ్వడంతో పాటు, ఆ సమయంలో చేసిన పనిని చదవడం కూడా మీ బాధ్యతే.

చదవడం ఎలా అంటారా? దారులున్నాయి. నోట్ రహస్యమైతే, దాన్ని వాడుకున్న అధికారి దగ్గర నుంచి గోప్యంగా ఒక లేఖ తెప్పించుకోవచ్చు. అయితే "చాలా మంచి ఉద్యోగి" అని రాసే లేఖ వద్దు. ఏ ప్రశ్న వచ్చింది, ఈమె ఏ పద్ధతి వాడారు, ఎక్కడ ఇతరులతో విభేదించారు, నిర్ణయంలో ఏం మారింది అని అడగండి. ఆమెను కూడా, రహస్యాలు బయటపెట్టకుండా, తన పద్ధతి గురించి పది పేజీలు రాయమనండి, దాని మీద సెమినార్ పెట్టండి. అక్కడ మీరు ఎంత గట్టిగా ప్రశ్నిస్తే అంత మంచిది. సెమినార్లలో ఆడవాళ్ళకు ఎదురయ్యే ప్రశ్నలు ఎక్కువనీ, వాటిలో కించపరిచేవీ దురుసైనవీ ఎక్కువనీ పాస్కలీన్ డ్యూపా తదితరులు లెక్కగట్టి చూపారు. కాబట్టి ఆ రోజు అధ్యక్షత వహించేవారు కొంచెం జాగ్రత్తగా ఉండాలి. బయటి పరీక్షకుల జాబితాలో కేంద్ర బ్యాంకులో, గణాంక కార్యాలయంలో ఏళ్ళ తరబడి పనిచేసిన ఒక ఆర్థికవేత్తను చేర్చండి. ఆ నోట్ బాగుందో లేదో మనకన్నా వాళ్ళే చప్పున పట్టుకుంటారు.

ఒక అభ్యంతరాన్ని మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. కంపెనీ జీతం తీసుకున్న మనిషి మాట స్వతంత్రంగా ఉంటుందా? న్యాయమైన ప్రశ్న. 2023లో ఐరోపా కమిషన్ పోటీ విభాగానికి ప్రధాన ఆర్థికవేత్తగా ఎంపికైన ఫియోనా స్కాట్ మోర్టన్, పెద్ద టెక్ కంపెనీలకు సలహాదారుగా పనిచేసినందుకూ, అమెరికా పౌరురాలు అయినందుకూ వచ్చిన విమర్శల మధ్య ఆ పదవి వద్దనుకున్నారు. అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ ఆర్థిక సంక్షోభం తర్వాత, 2012లో, తన జర్నళ్ళలో రాసేవాళ్ళు తమకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో వెల్లడించాలని నియమం తెచ్చింది. అలాంటి వెల్లడి అందరి నుంచీ తీసుకోండి, నా నుంచి మొదలుపెట్టండి. ఏ కంపెనీలో ఎప్పుడు పనిచేశానో, ఏ షేర్లు ఉన్నాయో రాసిస్తాను. అయితే క్యాంపస్ వదలకుండానే కంపెనీలకు కన్సల్టింగ్ చేసే ప్రొఫెసర్లకూ అదే కొలత వర్తించాలి. వాళ్ళ సీవీల్లో గ్యాప్ కనబడదు కాబట్టి వాళ్ళను ఎవరూ అడగడం లేదు.

మన శాస్త్రం తన ప్రశ్నలను ఎక్కడి నుంచి తెచ్చుకుంటుందో కూడా ఇందులో ఉంది. క్లాడియా గోల్డిన్ హార్వర్డ్ అర్థశాస్త్ర విభాగంలో టెన్యూర్ పొందిన మొదటి మహిళ. ఆమె రెండు శతాబ్దాల రికార్డులు తవ్వి, ఆడవాళ్ళ పని, సంపాదన గురించి మనకు తెలిసిందనుకున్నది ఎంత అసంపూర్ణమో చూపారు. 2023లో నోబెల్ బహుమతి ఆమె ఒక్కరికే వచ్చింది. పాత జనాభా లెక్కల్లో చాలామంది పెళ్ళయిన ఆడవాళ్ళ వృత్తి గడిలో "భార్య" అని రాసి ఉండేదని, వాళ్ళు పొలంలోనో ఇంటి వ్యాపారంలోనో చేసిన పని లెక్కలోకి రాలేదని ఆమె పరిశోధన మనకు చెప్పింది. అలా చేసిన పనిని లెక్కలోకి తీసుకోకపోవడం ఎంత పెద్ద తప్పో మన విభాగాల్లోనే పాఠంగా చెబుతున్నాం.

ఈ ఏడాది ప్రమోషన్ ఫైళ్ళు తెరిచే ముందు మీరు చేయగలిగిన పని ఒకటుంది, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. గత పదేళ్ళలో మీ విభాగం నుంచి ప్రభుత్వానికో, కేంద్ర బ్యాంకుకో, కంపెనీకో వెళ్ళినవాళ్ళు ఎందరు, అందులో ఆడవాళ్ళు ఎందరు, ఎవరు తిరిగొచ్చారు, ఎవరు అడిగి కాదనిపించుకున్నారు, ఏ కారణం రాశారు అన్న లెక్క తీయించండి. పేర్లు తీసేసి ఆ పట్టికను విభాగంలో అందరికీ ఇవ్వండి. కమిటీ మొదటి సమావేశంలో మొదటి అంశంగా దాన్నే పెట్టండి. నా ఫైలు ఈసారి మీ ముందు లేదు, నాకు రావాల్సిన ప్రమోషన్ ఆలస్యంగానైనా వచ్చింది. నా దగ్గర చదివిన ఒక అమ్మాయి ఇప్పుడు ఆర్థిక శాఖలో పనిచేస్తోంది. వచ్చే ఏడాది విశ్వవిద్యాలయ ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టాలనుకుంటోంది. సీవీలో ఆ రెండేళ్ళను ఎలా రాయాలని నన్ను అడిగింది. ఉన్నది ఉన్నట్టు రాయమన్నాను.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక అర్థశాస్త్ర అధ్యాపకురాలు